పద్నాలుగో చుక్క

చుక్కల బాబాయి కోతలకి కొడవలి అక్కర్లేదు, వినేవాళ్ళు ఇద్దరుంటే చాలు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి రొట్టెల దుకాణంలో ముగ్గురున్నారు. కౌంటరు వెనక దుకాణం నడిపే అక్క, కిటికీ పక్క బల్ల దగ్గర ఎదురుకొట్టు టైలరు, తలుపు దగ్గర స్టూలు మీద నిఘంటువు ఆఫీసు అటెండరు. అక్కకి ఆయన సొంత బాబాయే, వాళ్ళ నాన్నకి తమ్ముడు. ఆవిడ పిలవగా పిలవగా వీధి వీధంతటికీ బాబాయి అయిపోయాడు. చుక్కలు మాత్రం ఉద్యోగం వల్ల వచ్చాయి.

వీధి చివర ఉన్న ఆ ఆఫీసులో పండితులు కూర్చుని, ఎక్కడో పడమటి దీవుల్లో మాట్లాడే కెల్టిక్ భాషల మాటలు ఎక్కడ పుట్టాయో తవ్వి తీస్తుంటారు. ఆ భాషలన్నిటికీ ఒక తల్లి భాష ఉండేదట. ఆ తల్లి మాట్లాడినదేదీ ఎవరూ రాసిపెట్టలేదు. మనవల ముక్కులు చూసి ముత్తవ్వ ముక్కు ఎలా ఉండేదో చెప్పినట్టు, పిల్ల భాషల మాటలు పక్కపక్కన పెట్టి తల్లి మాటని లెక్కగడతారు. అలా కట్టిన ప్రతి మాట ముందూ ఒక బుల్లి చుక్క అచ్చువేయాలి. ఈ మాటని చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు, అయినా ఇలాగే ఉండి ఉంటుంది అని దాని అర్థం. చుక్క లేదంటే, ఎవరో ఎక్కడో ఆ మాటని రాతలో కళ్ళారా చూశారన్నమాట.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బాబాయి ఉద్యోగం ఆ చుక్కలు ఉన్నాయో లేదో చూడటం. ప్రూఫు కాగితం ముందు పెట్టుకుని అడుగు నుంచి పైకి చదువుతాడు, అర్థంలో పడితే చుక్క జారిపోతుందని. సిరా తడి అంటుకుంటుందని పెన్సిలు మొన తాకించడు, గాల్లోనే చూపిస్తూ లెక్కపెడతాడు. పేజీ అడుగున లెక్క వేసి, దాని చుట్టూ సున్న చుట్టి, పక్కన టిక్కు పెడతాడు. ఆ టిక్కు పడ్డాక ఇంకెవరూ చూడరు. ఆయన చూశాక చూడటానికేముంటుందని వాళ్ళ ధీమా.

అలాంటిది, ఆ పొద్దున్న అచ్చయి వచ్చిన డెబ్బై మూడో పేజీలో రొట్టె మాట ముందు చుక్క లేదు. తల్లి భాషలో రొట్టెని 'బర్గొ' అనేవాళ్ళని పండితుల లెక్క. నాలుగు వేల ప్రతుల్లోనూ బర్గొ బోసిగా నిలబడి ఉంది. ప్రధాన సంపాదకురాలు, అందరూ పెద్ద మేడమ్ అంటారు, ఒక్క పేజీలో సంజాయిషీ రాసి సాయంత్రం ఐదింటిలోగా పంపమని అటెండరు చేతికి చీటీ ఇచ్చింది. అచ్చు కావలసింది ఇంకా ఒక్క ఆఖరి పేజీయే. పుస్తకానికి పనిచేసినవాళ్ళ పేర్లన్నీ అందులో వస్తాయి. 'చుక్కలు సరిచూసినది' అని బాబాయి పేరు కూడా వేయాలని ఎప్పుడో అనుకున్నారు. సంజాయిషీ సరిగ్గా లేకపోతే ఆ పేరు తీసేస్తానని కూడా మేడమ్ ఆ చీటీలోనే రాసింది. వచ్చే నెల బాబాయి రిటైరవుతున్నాడు. ఆ పేజీ కోసం ముందే ఫ్రేము కొని హాల్లో గోడకి తగిలించాడు. రెండు నెలలుగా అది ఖాళీగా వేలాడుతోంది.

"మరిచిపోవడమా? నేనా?" అన్నాడు బాబాయి, టీ గ్లాసు చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టి. "కావాలనే తీయించాను. విన్నవాళ్ళు లేని మాటకి కదా చుక్క? ఆ మాట నేను విన్నాను. రాసుకోవయ్యా."

అటెండరు ఆఫీసు కాగితం తొడ మీద పెట్టుకుని కలం తెరిచాడు. ప్రూఫు కాగితం, చుక్క లేని అచ్చు కాగితం రెండూ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మాటల కాగితాల పెట్టె ఒకటి తీసుకురమ్మని నన్ను ఆ భాషలవాళ్ళ దేశం పంపారు. అందులో అబద్ధమేమీ లేదు, కావాలంటే మీ పిన్నిని అడుగు."

"పంపింది రైల్వే స్టేషనుకి కదా బాబాయ్, పార్సిలు విడిపించడానికి?" అంది అక్క, ట్రేలోంచి బన్నులు తీసి అద్దాల బీరువాలో సర్దుతూ.

"దేశాలన్నీ స్టేషను దగ్గరే కదటే మొదలయ్యేది! మధ్యలో అడ్డు రాకు. సరే, వెళ్ళాను. చలి అంటే అలాంటిలాంటి చలి కాదు, నేను వదిలిన ఊపిరి గడ్డకట్టి నా కాలి మీదే పడింది, ఇదిగో ఈ బొటనవేలు చూడు, ఇప్పటికీ వంకర. బస్సు మంచులో కూరుకుపోయింది. డ్రైవరు దిగి ఏడుస్తున్నాడు. నేను ఒక్కణ్ణే భుజం పెట్టి లేపి రోడ్డు మీద పెట్టాను. అది పెద్ద విషయం కాదులే, వదిలెయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దూరంగా దీపం కనిపించింది. వెళ్ళి చూస్తే రొట్టెల దుకాణం, లోపల ఒక ముసలావిడ, ఎనభై ఏళ్ళుంటాయి."

"ఎనభై ఏళ్ళకి పిండి పిసుకుతోందా?" అన్నాడు టైలరు.

"ఎనభై ఆవిడ చిన్నకూతురికి. ఆవిడకి నూట ఎనభై. పళ్ళన్నీ ఉన్నాయి, రెండు ఎక్కువే ఉన్నాయి. ఆ పొయ్యి చూడాలి నువ్వు! మూడు వేల ఏళ్ళుగా ఆరలేదు. ముత్తాతల ముత్తాత వెలిగించాడట, అప్పట్నుంచీ ఒకరు పడుకుంటే ఒకరు కట్టె తోస్తూనే ఉన్నారు."

అక్కకి నవ్వొచ్చింది. "మరి బూడిద ఎప్పుడు తీస్తారు బాబాయ్?"

"రోజూ తీసి పెరట్లో పోస్తారు. ఆ దేశంలో కొండలన్నీ ఏమిటనుకున్నావు?"

అటెండరు కలం ఆపాడు. "బాబాయ్, కొండల సంగతి కూడా రాయాలా?"

"రాయి. మేడమ్‌కి భూగోళం కూడా తెలుస్తుంది. ఆ రోజు అక్కడ రొట్టె వేస్తున్నారు. రొట్టె అంటే మా అమ్మాయి వేసే ఈ బుల్లి ముక్కలు కాదు. పొయ్యిలో పెట్టారు, అది ఉబ్బింది, ఉబ్బింది, పొయ్యి చాల్లేదు, గోడ తీసేశారు. గోడ తీస్తే వీధిలోకి వచ్చింది. వీధిలో జనం పక్కకి తప్పుకున్నారు, బస్సులు దారి మళ్ళించారు."

"పిండి పొంగేటప్పుడు గుడ్డ కప్పాలి కదా," అన్నాడు టైలరు, తన వృత్తి ధర్మం మరవకుండా. "అంత రొట్టెకి గుడ్డ ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"నాలుగు ఊళ్ళ దుప్పట్లు కలిపి కుట్టారు. ఆ కుట్టు పూర్తయ్యేసరికి అక్కడి టైలరుకి పెళ్ళి వయసు దాటిపోయింది. పాపం, నీలాగే మంచివాడు."

"పులిసిన పిండి ఎంత వేశారు?" అని అడిగింది అక్క.

"చిటికెడు."

"అంతేనా?"

"వేసినవాడి చెయ్యి పెద్దది."

టైలరు బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. అక్క కూడా నవ్వుతూనే గోడ గడియారం వంక చూసింది. నాలుగు కావస్తోంది. అటెండరు ఒళ్ళో రెండో కాగితం కూడా నిండింది. పెద్ద మేడమ్ ఈ దుకాణానికి ఒక్కసారే వచ్చింది. బన్ను కొని, రసీదులో తేదీ తప్పుందని వెనక్కి ఇచ్చింది. అలాంటి మనిషి ఈ కాగితాలు చదువుతుంటే ఎలా ఉంటుందో తలుచుకునేసరికి అక్క నవ్వు కాస్తా ఆగిపోయింది.

బాబాయికి అదేం పట్టలేదు. మాట మీద మాట దొర్లుకొస్తోంది.

"నాకా, ఆకలి. తినమని ఆవిడే అంది. ఒక అంచు పట్టుకుని తినడం మొదలుపెట్టాను. తింటూ తింటూ ముందుకి పోతున్నాను, కొంతసేపటికి వెనక్కి తిరిగి చూస్తే వాకిలి కనబడలేదు! రొట్టె లోపలికి వచ్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు రోజులు నడిచాను. వేడికి చొక్కా విప్పి చేత్తో పట్టుకున్నాను. రెండో రోజు సాయంత్రం మనుషుల గొంతులు వినబడ్డాయి. చూస్తే నలుగురు పండితులు! గడ్డాలు మోకాళ్ళ దాకా పెరిగాయి. ఈ మాట ఎక్కడ పుట్టిందో కనుక్కుందామని నాకంటే నలభై ఏళ్ళ ముందు లోపలికి వచ్చారట. ఇద్దరేమో ఇది ఒక ధాన్యం పేరులోంచి పుట్టిందంటారు. ఇద్దరేమో కాదు, పక్కింటివాళ్ళ భాషలోంచి అరువు తెచ్చుకున్నదంటారు. దారి చూపిస్తాను రండయ్యా అంటే, వాదన తేలకుండా కదలమన్నారు. తిండికి లోటు లేదు కదా, గోడలు తింటున్నారు."

"మరి నువ్వు తేల్చావా?" అన్నాడు టైలరు.

"తేల్చకుండా వచ్చే రకమా నేను? విను. రొట్టెలో బుడగలుంటాయి, అవునా? ఇక్కడైతే శనగగింజంత ఉంటాయి. అక్కడ ఈ దుకాణమంత ఉన్నాయి. ఆ పిండి తరతరాలుగా ముద్దలోంచి ముద్ద తీసి పులియబెడుతున్నదే, మొదటి ముద్ద ఇంకా అందులోనే ఉంది. మూడు వేల ఏళ్ళ కిందట మొట్టమొదటిసారి రొట్టె వేసినవాడు ఏదో అన్నాడు, అన్న మాట బుడగలో పడింది, బుడగ మూసుకుపోయింది. మాట బయటికి పోవడానికి దారేదీ? అందులోనే ఉండిపోయింది! నేను చెవి పెట్టి విన్నాను. లోపల తుమ్మెద తిరిగినట్టు శబ్దం. జేబులోంచి పెన్సిలు తీశాను, చుక్కలు లెక్కపెట్టే ఈ పెన్సిలే. టప్పుమని పొడిచాను. 'బర్గొ!' అని పొలికేక! నలుగురు పండితులూ కిందపడ్డారు. వాడికి వేళ్ళు కాలాయి, అదీ అసలు సంగతి. ధాన్యమూ లేదు, అరువూ లేదు. కాలిన వేళ్ళలోంచి పుట్టింది ఆ మాట! పండితులు నా కాళ్ళ మీద పడి ఏడ్చి, అక్కడికక్కడే గడ్డాలు గీయించుకున్నారు."

"అయితే నువ్వు విన్నది నిజమేనన్నమాట," అన్నాడు టైలరు నవ్వు బిగబట్టి.

"ఇంకా అవలేదయ్యా. ఆ గొంతు అంతటితో ఆగలేదు. 'ఒరే అబ్బాయ్, చుక్కలు చూసేది నువ్వే కదూ?' అంది. అవును మహానుభావా అన్నాను. 'ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదని చుక్క పెట్టారు. ఇప్పుడు నువ్వు విన్నావు. ఇంక ఆ చుక్క తీసెయ్' అంది. ఏం చెయ్యమంటారు? పెద్దలు చెప్పాక కాదంటానా?"

"మూడు వేల ఏళ్ళ కిందటివాడికి నీ ఉద్యోగం ఎలా తెలిసింది?"

"బుడగలో అన్నేళ్ళు ఖాళీగా కూర్చుంటే ఏది తెలియదు!"

దుకాణమంతా గొల్లున నవ్వింది. అటెండరు నాలుగో కాగితం కింద గీత గీసి, "బాబాయ్, సంతకం పెట్టెయ్. నాలుగున్నరవుతోంది," అన్నాడు.

బాబాయి కలం అందుకున్నాడు. సంతకం చోట ఆనించి, మళ్ళీ పైకి తీశాడు. అది అక్క కంట పడింది. అందరిముందూ ఈయన మాట కొట్టిపారేయడం ఆవిడకి ఇష్టం లేదు. కానీ సంతకం పడితే పేరు పోతుంది, ఆ ఖాళీ ఫ్రేము జీవితాంతం గోడ మీద వెక్కిరిస్తుంది. పిండి చేతులు ఏప్రనుకి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, ఒక్క నిమిషం. ఈ ప్రూఫు కాగితం అడుగున రాసింది నీ చేతి రాతేనా?"

"ఇంకెవరికొస్తుందే అంత గుండ్రని సున్న?"

"పద్నాలుగు అని రాశావు."

"పద్నాలుగే."

"కావాలనే చుక్క తీయిస్తే పదమూడు అని రాయాలి కదా?"

టైలరు నవ్వు సగంలో ఆగింది. బాబాయి కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం మీదకి వంగాడు.

అక్క కాగితం మీద చుక్కలు లెక్కపెట్టింది. పదమూడే ఉన్నాయి. రొట్టె మాట దగ్గర ఆగింది. చుక్క ఉండాల్సిన చోట కాగితం చిన్నగా, జిడ్డుగా మెరుస్తోంది. కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే అక్కడ అవతలి వైపు కనబడుతోంది. పొద్దస్తమానం వెన్న కాగితాలతో బతికే మనిషికి ఆ మరక ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

తొమ్మిదేళ్ళ కిందట నాన్న పోయాక, అక్క ఒంటరిగా పొయ్యి వెలిగించిన మొదటి రోజున ఏడింటికల్లా బాబాయి వచ్చి నిలబడ్డాడు. "బోణీ నాది," అని నువ్వుల బన్ను కొని ఇక్కడే నిలబడి తిన్నాడు. అప్పట్నుంచీ ఒక్కరోజు మానలేదు. ఆదివారాలు కూడా వచ్చేవాడు. ఆఫీసుకి వేళ మించకుండా ప్రూఫులు చంకలో పెట్టుకుని వచ్చి, ఈ కౌంటరు మీదే పరిచి, ఒక చేత్తో బన్ను, ఒక చేత్తో పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టేవాడు.

అక్క బీరువాలోంచి ఒక బన్ను తీసింది. పైన వెన్న రాసి, నల్ల నువ్వులు చల్లినది. గోటితో ఒక గింజ గిల్లి ఆ మరక మీద పెట్టింది. గింజ సరిగ్గా అక్కడ అమరింది. టైలరు లేచి వచ్చి వంగి చూశాడు, వెనక్కి వెళ్ళి మూరెడు దూరం నుంచి చూశాడు.

"అచ్చం చుక్కే!" అన్నాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని పిన్ని అంటుంటే ఏమో అనుకున్నాను బాబాయ్," అంది అక్క. "తిన్నగా నిఘంటువులోకి వెళ్ళి కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు."

టైలరు, అటెండరు కడుపులు పట్టుకున్నారు. బాబాయి నవ్వలేదు. కుర్చీలో కూర్చుండిపోయి ఆ గింజనే చూస్తున్నాడు. చూస్తుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయితే నేను మరిచిపోలేదే," అన్నాడు మెల్లగా. "చూశానన్నమాట. పద్నాలుగూ చూసే టిక్కు పెట్టాను. పొద్దుట్నుంచీ ఒకటే భయమే అమ్మా, బుర్ర పోయిందేమోనని. మీ పిన్నికి కూడా చెప్పలేదు."

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చొక్కాకి పిండి అంటింది, ఇద్దరూ దులపలేదు.

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని, కొత్త కాగితం అడిగి, ఈసారి తనే రాశాడు. మొత్తం మూడే ముక్కలు. 'రొట్టె మాట ముందు నేను చూసినది చుక్క కాదు, నువ్వుల గింజ. బన్ను తింటూ పని చేశాను, అందువల్ల పొరబడ్డాను. తప్పు నాదే.' కింద సంతకం పెట్టి అటెండరు చేతికిచ్చాడు.

అటెండరు చదివి తల గోక్కున్నాడు. "బాబాయ్, నా మాట విను. ఇది మేడమ్ ఛస్తే నమ్మదు. దీనికంటే రొట్టె లోపల నడిచిందే నయం."

"నిజమయ్యా!"

"గింజని కాగితం మీద చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు. ఒట్టు, మీ పిన్ని మీద ఒట్టు, ఇది నిజం." అందరి మొహాల్లోకీ చూశాడు. "బతుకంతా కోసిన కోతలు నమ్మినట్టు తలలూపారు కదయ్యా. ఒక్క నిజం చెబితే నమ్మరేం?"

"నేను నమ్మాను కదా," అంది అక్క. సంజాయిషీ, ప్రూఫు కాగితం ఒక కవరులో పెట్టింది. ఇంకో కాగితంలో నువ్వుల బన్ను చుట్టింది. "రెండూ మేడమ్ బల్ల మీద పెట్టు. చదివాక ఒక గింజ గిల్లి మరక మీద పెట్టి చూడమను. ఆవిడ తెలివైనదే కదా, ఇంకేం చెప్పక్కర్లేదు."

అటెండరు సైకిలెక్కాడు. పాత కాగితాలు నాలుగూ బల్ల మీదే వదిలేశాడు. బాబాయి వాటిని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఐదయింది. టైలరు తన కొట్టుకి వెళ్ళలేదు. అక్క సాయంత్రం బేరానికి పిండి తూచబోయి రెండుసార్లు తప్పు తూచింది. ఐదుంపావుకి ముగ్గురూ తలుపు వైపే చూస్తున్నారు.

ఐదున్నరకి అటెండరు వచ్చాడు.

"ఏమంది?" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"ఏమీ అనలేదు. చదివింది. గింజ పెట్టింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. తర్వాత నవ్వింది బాబాయ్! పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, మేడమ్‌కి పళ్ళున్నాయని ఇవాళే తెలిసింది. చుక్క ఉన్నట్టు చదువుకోవాలని ఒక చీటీ అచ్చువేసి నాలుగు వేల ప్రతుల్లోనూ అంటించమంది. బన్ను తినేసింది. ఇది నీకిమ్మంది."

అది బాబాయి రాసిన సంజాయిషీయే. పైన ఒక్క అక్షరం కూడా రాయలేదు. మొదటి మాట ముందు మాత్రం ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క గీసి ఉంది.

"చుక్కా?" అన్నాడు టైలరు. "అంటే నమ్మినట్టా, నమ్మనట్టా?"

బాబాయి కాగితం గుండెకి ఆనించుకున్నాడు. "చూసినవాళ్ళు లేరు, అయినా ఇలాగే జరిగి ఉంటుంది అని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకు చుక్క పెట్టినవాళ్ళు లేరయ్యా, నేనే అందరికీ చూశాను." అలా అంటూనే నిటారుగా కూర్చున్నాడు, గొంతు పాత జోరందుకుంది. "అయినా ఆ గింజ మామూలు గింజ అనుకున్నారా? రేగుపండంత ఉంది! నేను పెన్సిలుతో కదిపితే కదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

"బాబాయ్, ఇంకోటి కూడా ఇచ్చింది," అన్నాడు అటెండరు, కవరులోంచి రెండో కాగితం తీస్తూ. "ఆఖరి పేజీ ప్రూఫు. పొద్దున్నకల్లా సరిచూసి పంపమంది. బన్ను పక్కన పెట్టుకోవద్దంది."

బాబాయి టీ గ్లాసు పక్కకి జరిపాడు. కాగితం బల్ల మీద పరిచాడు. అలవాటు ప్రకారం అడుగు నుంచి చూడటం మొదలుపెట్టాడు. అట్టే దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. కింది నుంచి మూడో వరుసలో 'చుక్కలు సరిచూసినది', దాని పక్కన ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. పెన్సిలు గాల్లో నిలబడిపోయింది.

"బాబాయ్," అన్నాడు టైలరు, "ఎందుకైనా మంచిది, ఒకసారి ఊది చూసుకో."

బాబాయి ఆ మాటకి కోప్పడలేదు. రెండు చేతులతో కాగితం అంచులు పట్టుకుని, వంగి, గట్టిగా ఊదాడు.

పేరు కదల్లేదు.